శూన్యమున వెలుగు నడక

రైతునకు సూర్యుని మించిన సహాయుడు లేడు. విత్తు మొలకెత్తుటయు, పైరు పచ్చపడుటయు, వెన్ను పాలు పోసికొనుటయు, కళ్లమున ధాన్యము ఎండుటయు ఆయన పంపు వెలుగు వలనను వేడిమి వలనను జరుగుచున్నవి. అట్టి సూర్యుడు మన పొలమునకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. భూమిని చుట్టియున్న గాలిలో నాలుగింట మూడు పాళ్లు నేలనుండి పండ్రెండు కిలోమీటర్ల యెత్తులోపలనే యున్నవి. నూఱు కిలోమీటర్లు దాటినచో గాలి లేదనియే చెప్పవచ్చును. కావున సూర్యునినుండి మనకు వచ్చు దారి, కడపటి గడప తప్ప, తక్కినదంతయు శూన్యమే. ఆ దారిలో గాలి లేదు, నీరు లేదు, తీగ లేదు, త్రాడు లేదు. అయినను సూర్యుని వెలుగు 8 నిమిషముల 20 సెకనులలో ఆ దారిని దాటి మన చేనిపై వ్రాలుచున్నది.

కాలువ లేనిదే నీరు పాఱదు. బాట లేనిదే బండి సాగదు. మఱి ఏమియు లేనిచోట వెలుగు దేనిని పట్టుకొని నడచుచున్నది? ఈ ప్రశ్న పండితులను రెండువందల యేండ్లకు పైగా తికమక పెట్టినది. దానికి దొరకిన సమాధానము పండితుల కొఱకే కాదు. తుపాను వార్తను ఉపగ్రహమునుండి దింపునదియు, పంట ధరను చేతిలోని ఫోనునకు చేర్చునదియు, పిడుగు జాడను పట్టియిచ్చునదియు ఆ వెలుగు జాతికి చెందిన తరంగములే. వాని నడక నెఱిగిన రైతు వానివలన వచ్చు వార్తను విలువగట్టి సమయమునకు వాడుకొనును. ఎఱుగనివాడు వార్త చేతికి వచ్చియు పంటను, ఒకప్పుడు ప్రాణమును, పోగొట్టుకొనును. అందుచేత ఈ విషయమును మన సభ్యులందఱకు తెలియునట్లు ఇందు వివరించుచున్నాము.

ధ్వనికి గాలి కావలయును

తరంగమనగా అల. చెఱువులో ఱాయి వేసినచో అల బయలుదేఱి గట్టును చేరును. ఱాయి పడినచోటి నీరు గట్టునకు రాలేదు. నీటి కదలిక మాత్రమే వచ్చినది. వరిచేనిపై గాలి వీచునపుడు పైరు వంగుచు లేచుచు ఈ గట్టునుండి ఆ గట్టు వఱకు అలలు పోవుచుండుట మనము నిత్యము చూచుచున్నాము. ఒక్క మొక్కయైనను తన కుదురు విడిచి కదలదు. అల సాగిపోవును, పైరు నిలిచియుండును.

ధ్వనియు ఇట్టి అలయే. గాలిలోని రేణువులు ఒకదాని నొకటి నెట్టుకొనుటచే ధ్వని ముందునకు సాగును. గాలిని తొలగించినచో ధ్వని సాగదు. 1660లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బాయిల్ దీనిని పరీక్షించి ప్రకటించెను. ఆయన గాజుపాత్రలో ఒక గడియారమును దారముతో వ్రేలాడదీసి, పాత్రలోని గాలిని యంత్రముతో తోడివేసెను. గాలి తగ్గినకొలది గడియారపు చప్పుడు సన్నగిల్లి తుదకు వినరాదయ్యెను. కాని గడియారము కంటికి మునుపటివలెనే కనబడుచుండెను. అనగా గాలి లేనపుడు చప్పుడు ఆగినది, వెలుగు ఆగలేదు.

మెఱుపునకును ఉఱుమునకును గల భేదమును రైతు లెల్లరు ఎఱుగుదురు. రెండును ఒక్క క్షణముననే పుట్టును. మెఱుపు వెంటనే కనబడును; ఉఱుము తీరికగా వచ్చును. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు నడచును. అనగా కిలోమీటరునకు మూడు సెకనులు పట్టును. వెలుగో, శూన్యమున సెకనుకు 2,99,792 కిలోమీటర్లు, చేతిలెక్కకు మూడు లక్షలు, పరుగెత్తును. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు గాన, ఒక్క సెకనులో వెలుగు ఏడున్నరమాఱులు భూమిని చుట్టివచ్చునంత దూరము పోగలదు.

క్షేత్రమనగా నేమి?

ఈ చిక్కును విప్పుటకు మన భాషలోని ఒక మాటయే తోడ్పడును. అది 'క్షేత్రము'. మనకు క్షేత్రమనగా పొలము. వేసవిలో కోసిన చేను బోడిగా నుండును. అందు పైరు లేదు. అంతమాత్రమున అది పొలము కాకపోలేదు. విత్తు పడినచో మొలిపించు శక్తి దానియందు దాగియే యున్నది. బోడిచేనునకు ఒట్టిచోటునకు గల భేదము విత్తు పడినప్పుడు గాని తెలియదు.

అయస్కాంతము చుట్టునున్న చోటును ఇట్టిదే. కంటి కచట ఏమియు కనబడదు. చిన్న మేకును తెచ్చి అచట నుంచిన తోడనే మేకు కదలి అయస్కాంతమును అంటుకొనును. అయస్కాంతము చేయి చాచలేదు. నడుమ త్రాడును లేదు. ఆ చోటునకే ఒక గుణము కలిగినది. గాలిని తీసివేసి పూర్ణశూన్యము చేసినను ఆ గుణము పోదు. దీనిని శాస్త్రజ్ఞులు అయస్కాంత క్షేత్రమందురు. తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కల నాకర్షించునపుడు దాని చుట్టు నుండునది విద్యుత్ క్షేత్రము. క్షేత్రము పదార్థము కాదు, గాలివంటిది కాదు, నీటివంటిది కాదు. చోటునకు గలుగు స్థితియే క్షేత్రము. ఈ యొక్క సంగతి మనసున నాటుకొన్నచో తక్కినది సులభము.

ఈ భావమును లోకమునకు మొదట తెలియజేసినవాడు మైఖేల్ ఫారడే. ఆయన 1791లో ఇంగ్లండున ఒక కమ్మరి యింట జన్మించెను. పెద్ద చదువు చదువుటకు స్తోమతు లేక పుస్తకముల కట్టుపని నేర్చుకొనుచు, కట్టవచ్చిన పుస్తకములనే చదివి విద్వాంసుడయ్యెను. 1831లో ఆయన ఒక గొప్ప విషయమును కనుగొనెను. తీగచుట్ట దగ్గఱ అయస్కాంతము నిశ్చలముగా నున్నంతవఱకు ఏమియు జరుగదు. దానిని కదలించినచో తీగలో విద్యుత్తు పుట్టును. అనగా అయస్కాంత క్షేత్రము మాఱునపుడు విద్యుత్ క్షేత్రము జనించును. మన పంపుసెట్లకు కరెంటు పుట్టించు యంత్రములన్నియు ఈ సూత్రమును బట్టియే తిరుగుచున్నవి. పొలమువద్ద నుండు ట్రాన్స్‌ఫార్మరులో రెండు తీగచుట్టలు కలవు. ఆ రెండింటి తీగలు ఒకదానితో నొకటి కలిసియుండవు. అయినను ఒకదానిలోని శక్తి రెండవదానికి చేరుచున్నది. మాఱుచున్న అయస్కాంత క్షేత్రమే నడుమ నుండి ఆ పని చేయుచున్నది.

మాక్స్‌వెల్ వేసిన లెక్క

ఫారడే వేసిన దారిని ముగింపునకు తెచ్చినవాడు స్కాట్లండు దేశీయుడగు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. అయస్కాంత క్షేత్రము మాఱినచో విద్యుత్ క్షేత్రము పుట్టునని ఫారడే చూపెను. విద్యుత్ క్షేత్రము మాఱినను అయస్కాంత క్షేత్రము పుట్టవలయునని మాక్స్‌వెల్ గణితమున నిరూపించెను. ఈ రెండును కలిసినప్పుడు వింతయైన ఫలితము తేలినది. ఒకచోట విద్యుత్ క్షేత్రము ఊగిసలాడినచో దాని ప్రక్కన అయస్కాంత క్షేత్రము ఊగును. అది ఊగుటచే దాని ప్రక్కన మరల విద్యుత్ క్షేత్రము ఊగును. ఇట్లు ఒకదాని మాఱ్పు మఱొకదానికి ఊతగా నిలిచి, రెండును కలిసి పెరుగుచు, కలిసి తఱుగుచు ముందునకు సాగిపోవును. ఇదియే విద్యుదయస్కాంత తరంగము. ఏతాములో తోడుకొను నీరు ఒక గుంటనుండి ప్రక్కగుంటకు చేరునట్లు, క్షేత్రమందలి కదలిక ఒకచోటినుండి ప్రక్కచోటికి చేరును. ఏతామునకు నీరు కావలయును. ఇచట క్షేత్రమే నీరు, క్షేత్రమే ఏతాము.

ఆ తరంగము ఎంత వేగమున సాగునో మాక్స్‌వెల్ లెక్కకట్టెను. ఆ లెక్కకు ఆయన వెలుగును కొలువలేదు. 1856లో జర్మనీ దేశమున వెబరు, కోల్‌రాష్ అను నిరువురు విద్యుత్తును అయస్కాంతమును గూర్చి చేసిన కొలతలను మాత్రమే తీసికొనెను. సెకనుకు సుమారు 3 లక్షల 10 వేల కిలోమీటర్లని జవాబు వచ్చెను. అంతకుముందే 1849లో ఫ్రాన్సు దేశమున ఫిజో అనునతడు పండ్లచక్రమును త్రిప్పి వెలుగు వేగమును కొలిచి సుమారు 3 లక్షల 15 వేల కిలోమీటర్లని చెప్పియుండెను. విద్యుత్తును కొలిచిన లెక్కయు వెలుగును కొలిచిన లెక్కయు ఇంత దగ్గఱగా వచ్చుట కాకతాళీయము కాజాలదు. వెలుగు విద్యుదయస్కాంత తరంగమే యని మాక్స్‌వెల్ నిశ్చయించి, 1865లో అచ్చయిన తన వ్యాసమున ఈ సిద్ధాంతమును సమగ్రముగా వెల్లడించెను. ఆయన 1879లో నలువదియెనిమిదవ యేట మరణించెను.

తరంగము పుట్టు విధము

ఒక విద్యుత్ కణము నిశ్చలముగా నున్నదనుకొందము. దానినుండి నలుదిక్కులకు బలరేఖలు చాచుకొని యుండును. ఇవి నిజముగా దారములు కావు; క్షేత్రమును తెలిసికొనుటకు మనము గీసికొను గీతలు మాత్రమే. ఇపుడా కణమును తటాలున ప్రక్కకు కదపినచో దాని దగ్గఱనున్న రేఖలు కొత్తచోటికి జరుగును. దూరముననున్న రేఖలకు ఆ కబురు ఇంకను అందలేదు. అవి పాతచోటినే చూపుచుండును. పాతదానికి కొత్తదానికి నడుమ రేఖయందొక వంపు ఏర్పడును. ఆ వంపు వెలుగు వేగమున వెలుపలికి పరుగెత్తును. మోకును ఒక కొసను పట్టి విదలించినచో వంపు రెండవ కొసకు పోవుటను చూచినవారు దీనిని ఊహింపగలరు. కణము ఆగక ఊగుచున్నచో వంపులు వరుసగా బయలుదేఱును. అవియే తరంగములు.

సూర్యునియందు విపరీతమైన వేడిమిచే కోటానుకోట్ల కణములు ఇట్లు చలించుచుండుటచే వెలుగు పుట్టుచున్నది. రేడియో కేంద్రపు స్తంభములో విద్యుత్తును ఇటునటు ఊగించుటచే రేడియో తరంగములు పుట్టుచున్నవి. రెండింటికి జాతి యొకటే. భేదమెల్ల అలకు అలకు నడుమ నుండు దూరమునందే. మధ్యతరంగ రేడియోలో ఆ దూరము వందల మీటర్లుండును. ఫోనునకు వచ్చు తరంగములకు జానెడు, బెత్తెడు ఉండును. వేడిమి కిరణములకు మిల్లీమీటరులో నూఱవవంతు మాత్రము ఉండును. కంటికి కనబడు వెలుగునకు మిల్లీమీటరులో వెయ్యవవంతుకన్న తక్కువ. శూన్యమున ఇవన్నియు ఒక్క వేగముతోనే నడచును.

ఈథరు అను ఊహ

అల యున్నచో అలలాడునది ఒకటి యుండవలయును గదా యని ఆనాటి పండితులు తలచిరి. నీటి అలకు నీరు, ధ్వనికి గాలి ఉన్నట్లు, వెలుగునకు ఈథరు అను సూక్ష్మద్రవ్యము విశ్వమంతట నిండియున్నదని ఊహించిరి. మాక్స్‌వెల్ సైతము ఈ ఊహను విడువలేదు. కాని ఉన్నదన్నదానిని పరీక్షకు నిలుపవలయును గదా!

భూమి సూర్యుని చుట్టు సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగమున తిరుగుచున్నది. ఈథరు నిజముగా నున్నచో, బండిపై పోవువానికి ఎదురుగాలి తగిలినట్లు, భూమికి ఈథరు గాలి తగులవలయును. ఏటికి ఎదురీదువానికిని, అడ్డముగా ఈదువానికిని పట్టుకాలము వేఱువేఱుగా నుండునట్లు, భూమి నడకకు ఎదురుగా పోవు వెలుగునకును అడ్డముగా పోవు వెలుగునకును భేదము కనబడవలయును. 1887లో అమెరికా దేశపు క్లీవ్‌లండు నగరమున మైకెల్‌సన్, మార్లే అను నిరువురు ఒక వెలుగుకిరణమును రెండుగా చీల్చి, ఒకదానిని నిలువుగను ఒకదానిని అడ్డముగను పంపి, మరల కలిపి చూచిరి. ఉండవలసిన భేదము కనబడలేదు. పరికరమును త్రిప్పి చూచినను కనబడలేదు.

1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్ ఈ చిక్కును తెంచివేసెను. వెలుగునకు ఈథరు అక్కఱలేదనియు, శూన్యమున వెలుగు వేగము చూచువా డెట్లు కదలుచున్నను ఒక్కటియే యనియు ఆయన చెప్పెను. నాటినుండి నేటివఱకు జరిగిన పరీక్షలన్నియు ఆ మాటనే బలపఱచుచున్నవి. విద్యుదయస్కాంత తరంగమున అలలాడునది ఏ ద్రవ్యమును కాదు, క్షేత్రమే అలలాడును. క్షేత్రము శూన్యముననుగూడ ఉండగలదు గాన తరంగమును శూన్యమున నడువగలదు.

ఇంకొక మాట. శూన్యము తరంగమునకు అడ్డంకి కాదు సరికదా, అదియే దానికి రాచబాట. అడ్డంకి యగునది పదార్థమే. నీటిలో వెలుగు వేగము శూన్యమునందలి వేగములో నాలుగింట మూడువంతులకు తగ్గును. అందుచేతనే కాలువలో ముంచిన కఱ్ఱ వంగినట్లు కనబడును. మట్టిగోడ వెలుగును పూర్తిగా ఆపివేయును. ఏమియు లేనిచోటనే వెలుగు నిండుపరుగున పోవును.

హెర్ట్జ్, జగదీశచంద్ర బోసు

మాక్స్‌వెల్ లెక్కను కంటికి చూపినవాడు జర్మనీ దేశపు హైన్రిచ్ హెర్ట్జ్. 1887, 1888 సంవత్సరములలో కార్ల్‌స్రూహె నగరమున ఆయన ఒకచోట విద్యుత్తుతో రవ్వలు పుట్టించి, ఏ తీగయు కలుపక కొన్ని మీటర్ల దూరమున నుంచిన లోహపు చుట్టలో సన్నని రవ్వలను రప్పించెను. ఆ తరంగములు వెలుగువలెనే లోహపు పలకలపై తగిలి తిరిగివచ్చుటను కూడ చూపెను.

మన దేశమున ఈ విద్యకు ఆద్యుడు జగదీశచంద్ర బోసు. 1895లో కలకత్తా పురమందిరమున ఆయన చేసిన ప్రదర్శనమున, తరంగములు గోడలగుండ పోయి దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును ప్రేలునట్లు చేసినవి. ఆయన వాడిన తరంగములు మిల్లీమీటర్ల పొడవుగలవి. పిమ్మట మార్కోని 1901లో అట్లాంటికు మహాసముద్రమునకు అడ్డముగా సంకేతమును అందుకొన్నట్లు ప్రకటించెను. అచటినుండి రేడియో, టెలివిజను, ఫోను వరుసగా వచ్చినవి.

దూరము పెరిగినకొలది

శూన్యమున వెలుగు అలసిపోదు. దానిని మ్రింగునది అచట ఏదియు లేదు. అయినను దూరము పోయినకొలది వెలుగు సన్నగిల్లుచున్నదేల? అది విస్తరించుటచేత. కళ్లమున లాంతరును వ్రేలాడదీసి చూడుడు. పది అడుగుల దూరమున ఒక చాపపై పడు వెలుగు, ఇరువది అడుగుల దూరమున నాలుగు చాపలపై పరచుకొనును. ఒక్కొక్క చాపకు నాలుగవవంతే దక్కును. ముప్పది అడుగులకు తొమ్మిదవవంతు. ఒక పుట్టి గింజలను ఎకరమున చల్లుటకును, తొమ్మిది ఎకరములలో చల్లుటకును గల భేదమే ఇది. గింజలు తగ్గలేదు, పలుచబడినవి.

సూర్యునినుండి భూమికి చేరు వెలుగు గాలిపొరకు పైన చదరపు మీటరునకు సుమారు 1,361 వాట్లు. అంగారకగ్రహము సూర్యునికి మనకంటె ఒకటిన్నర రెట్లు దూరమున నున్నది గాన అచట అందులో సగముకన్న తక్కువయే పడును. 1977లో అమెరికా వారు పంపిన వాయేజర్ 1 అను నౌక 2025 నాటికి మనకు 2,400 కోట్ల కిలోమీటర్లకు మించిన దూరమున నుండెను. దాని ప్రసారయంత్రపు శక్తి ఇంటిలోని చిన్న దీపమంత, ఇరువది వాట్ల చిల్లర మాత్రమే. అది పంపిన మాట మనకు చేరుటకు 22 గంటలకు పైగా పట్టెను. అయినను డెబ్బది మీటర్ల వెడల్పుగల పళ్లెములవంటి ఏంటెనాలతో ఆ మాటను విన్నారు. గాలిలో ఇంత దూరము ఏ శబ్దమైనను పోగలదా? శూన్యమగుటచేతనే అది చేరినది.

రైతునకు ఇందువలని ప్రయోజనము

మొదటిది ఎండ. గాలిపొరకు పైన 1,361 వాట్లున్న శక్తి, మబ్బు లేని మధ్యాహ్నమున నేలకు వచ్చుసరికి చదరపు మీటరునకు సుమారు 1,000 వాట్లు మిగులును. పదిహేను కోట్ల కిలోమీటర్ల శూన్యము తీసికొననిది, కడపటి కొద్దిపాటి గాలి తీసికొన్నది. సోలారు పలకలు ఈ శక్తిలో ఇంచుమించు అయిదవవంతును విద్యుత్తుగా మార్చును. పలకలపై దుమ్ము పేరుకొన్నచో ఆ పాలును తగ్గును. కావున సోలారు పంపు గల రైతు పలకలను తుడుచుటను బావి పూడిక తీయుటవలెనే ముఖ్యమని యెంచవలయును.

రెండవది రాత్రి చలి. వెలుగు శూన్యముగుండ వచ్చినట్లే, వేడిమియు శూన్యములోనికి పోవును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట నేలయు ఆకులును కంటికి కనబడని వేడిమి కిరణములను ఆకాశమునకు పంపుచునే యుండును. మబ్బు కమ్మిన రాత్రి మేఘములు ఆ కిరణములను పట్టుకొని కొంత తిరిగి పంపును, అందుచే ఉక్క. ఆకాశము నిర్మలముగా నున్న శీతకాలపు రాత్రి అడ్డము తక్కువగాన వేడిమి పైకి పోయి, ఆకులు చుట్టునున్న గాలికంటెను చల్లబడును. వానిపై మంచు పట్టును. మన్యమున లంబసింగి వంటి చోట్ల చలి గడ్డకట్టునంత వఱకు పోవుటకు ఇదియు ఒక కారణము. నారుమళ్లపై రాత్రి గడ్డియో చాపయో కప్పి ఉదయమున తీయుట పెద్దలు నేర్పిన పని. ఆ కప్పు మేఘముచేయు పనినే చేయును.

మూడవది తుపాను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. ఆనాడు మన దేశమునకు సొంత వాతావరణ ఉపగ్రహము లేదు. నేడు భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున ఇన్‌శాట్ తరగతి ఉపగ్రహములు నిలిచి యున్నవి. వానిలో ఇన్‌శాట్ 3డీఎస్ అనునది 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోటనుండియే పైకి పోయినది. ఇవి మేఘములనుండి వచ్చు వేడిమి కిరణములను పట్టి, పగలు రాత్రి అను భేదము లేక మేఘపు కొసలెంత చల్లగా నున్నవో కొలుచును. మేఘమెంత యెత్తునకు పెరిగినదో దానివలన తెలియును. ఆ వార్త రేడియో తరంగమై శూన్యమును దాటి సెకనులో ఎనిమిదవవంతున నేలకు దిగును.

తుపాను తీరమునకు దగ్గఱ వచ్చినపుడు మచిలీపట్టణము, విశాఖపట్టణముల యందలి రాడారులు దానిని కనిపెట్టుచుండును. రాడారు ఒక తరంగమును విసరి, వానచినుకులనుండి తిరిగివచ్చు ప్రతిధ్వనిని అందుకొనును. నూటయేబది కిలోమీటర్ల దూరముననున్న వానను తాకి ఆ తరంగము తిరిగివచ్చుటకు పట్టునది సెకనులో వెయ్యవవంతు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు పంటకును ఆస్తికిని కలిగిన నష్టము అపారము. అయినను మన రాష్ట్రమున మృతుల సంఖ్య వేలకు పోక పదులలోనే నిలిచెను. ముందుగా వార్త తెలిసి జనమును తరలించుటయే ఇందులకు ముఖ్యకారణము.

నాలుగవది పిడుగు. మన దేశమున ఏటా రెండువేలమందికి మించి పిడుగుపాటున మరణించుచున్నారు. పొలములలో పనిచేయువారికే ఈ ప్రమాదమెక్కువ. మెఱుపు మెఱసినపుడు రేడియోలో గరగరమని చప్పుడగుట అందఱును విన్నదే. మెఱుపు వెలుగుతోపాటు రేడియో తరంగములనుగూడ విసరుటచే ఆ చప్పుడు కలుగును. పలుచోట్ల నిలిపిన యంత్రములు ఈ తరంగము తమ్ము చేరిన క్షణమును గుర్తించును. తరంగము సెకనులో పదిలక్షలవవంతున 300 మీటర్లు నడచును గాన, ఏ యంత్రమును ముందు చేరినది, ఏ యంత్రమును వెనుక చేరినది చూచి పిడుగు పడిన తావును లెక్కకట్టుదురు. ఆ మేఘము ఎటు కదలుచున్నదో గమనించి మండలముల వారీగా ఫోనులకు హెచ్చరిక పంపుదురు.

ఫోను దగ్గఱ లేనివానికి తన చెవియే యంత్రము. మెఱుపు కనబడినది మొదలు ఉఱుము వినబడు వఱకు అంకెలు లెక్కించవలయును. మూడు లెక్కింపగా ఉఱిమినచో పిడుగు కిలోమీటరు దూరమున నున్నది. ముప్పదికి ముందే ఉఱిమినచో పది కిలోమీటర్ల లోపల నున్నదన్నమాట. తరువాతి పిడుగు మన తలపైననే పడవచ్చును. వెంటనే పని విడిచి పక్కా యింటికి చేరవలయును. ఒంటరి చెట్టు క్రిందను, విద్యుత్ స్తంభముల దగ్గఱను నిలువరాదు. చెఱువులోను నీరు నిలిచిన మడిలోను ఉండరాదు. కడపటి ఉఱుము వినబడిన పిమ్మట అరగంట గడచువఱకు బయటికి రారాదు. కుప్ప తడిసిన నష్టమును సంఘము కొంత సర్దగలదు. పోయిన మనిషిని ఏ సంఘము తేలేదు.

సంఘములు చేయదగిన పని

ఇంత దూరమునుండి, ఇంత వేగముగా వచ్చిన వార్త గ్రామమునకు వచ్చి గ్రామ చావడిలో ఆగిపోయినచో ప్రయోజనము లేదు. శూన్యమును దాటుటకు తరంగమునకు సెకను పట్టదు. ఫోను గల యింటినుండి ఫోను లేని యింటికి, చదువు వచ్చిన వానినుండి రాని వానికి ఆ వార్త చేరుటయే ఆలస్యమగుచున్నది. ఆ కడపటి దూరమును దాటించుట మన సంఘముల పని. అందులకు కొన్ని సూచనలు.

1. ప్రతి సంఘమును అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు, కోతల కాలమున, వాతావరణశాఖ వారి ప్రకటనను ఉదయసాయంకాలములు చూచి పలకపై వ్రాయుటకు ఒక సభ్యుని నియమింపవలయును. వ్రాసిన వేళను, వార్త వచ్చిన చోటును పలకపై గుర్తింపవలయును. ఊరు పేరు లేక చేతులు మాఱి వచ్చు ఫోను సందేశములను వ్రాయరాదు.

2. తుపాను హెచ్చరిక వచ్చిన దినమున గ్రామమున దండోరా వేయించి, పనలమీదనున్న వరిని కుప్ప వేయుటకును, ధాన్యమును గిడ్డంగికి చేర్చుటకును బండ్లు, ట్రాక్టరులు, పట్టలు సభ్యులు పరస్పరము ఇచ్చిపుచ్చుకొను ఏర్పాటును ముందుగానే వ్రాసికొని యుండవలయును. గాలి లేచిన పిమ్మట చేయు ఏర్పాటు ఏర్పాటు కాదు.

3. పిడుగుల నియమములను వేసవి జల్లులకు ముందే మహాసభయందు చదివి వినిపింపవలయును. కూలికి వచ్చు స్త్రీ పురుషులకును, గొఱ్ఱెల కాపరులకును వీనిని తెలుపవలయును. వారు సభ్యులు కాకపోవచ్చును. పిడుగు సభ్యత్వము చూచి పడదు.

4. బడిపిల్లలకు మెఱుపు ఉఱుముల లెక్క నేర్పవలయును. ఇంటివారిని పొలమునుండి పిలుచుకొని వచ్చువారు తఱచు పిల్లలే.

ఫారడే కమ్మరి కొడుకు. ఆయన కనుగొన్న క్షేత్రమును మనము కంటితో చూడలేము. అయినను ప్రతిదినమును మన పైరు దానిని తిని పెరుగుచున్నది, మన వార్త దానిపై నడచి వచ్చుచున్నది. సూర్యుని వెలుగు ఎవరు పిలువకయే మన చేనికి వచ్చును. తుపాను వార్త మాత్రము అట్లు కాదు. దానిని విని, ప్రక్కవానికి చెప్పువారుండవలయును. ఈ కోతల కాలమునకు ముందే ప్రతి సంఘము ఆ మనిషిని నియమించుకొనునని నమ్ముచున్నాము.